మూడో కాలు

సిరొంచలో వాన వెలిసిన ఆదివారం.
షట్టర్ సగం దించి
ట్రైపాడ్ కాళ్లు ఊడదీసిన.

పాత టూత్ బ్రష్షు, గిన్నెల కిరసనాయిలు,
మా ఇంటామె చీర చించిన పీలిక.
పదకొండేండ్ల సామాను.
ప్రాణహిత ఇసుకల, ఆసరెల్లి తోవ బురదల
ఏడ నిలబెడితే ఆడ నిలబడ్డది.

లెన్సు ఊది, మెల్లగ తుడిచిన.
లోపలి అద్దం అంచున బూజు చుక్క:
అది పోదు. ఫోటోల పడదు కూడా.
బ్యాటరీ కొసలు పిల్ల రబ్బరుతో రుద్దితే
ఇత్తడి మల్ల మెరిసింది.

మూడో కాలే, తిరగనంటది.
కట్టు విప్పి పేపర్ మీద దులిపితే
ఇసుక కాదు
నల్లమట్టి, చిటికెడు.

తలాండి పోసక్క మిరపచేను.
బ్యారేజీ నీళ్లు ఎక్కకముందు
చేనుండెనని రుజువు కావాల్నంటే తీసినం.
"సాళ్లన్నీ పడాలె తమ్మీ,
నేను పడకున్నా మంచిదే."

ఆ ఫోటో ఇంకా
టేబుల్ నుంచి టేబుల్‌కు
మరాఠీలో తిరుగుతనే ఉంది.

మట్టి పారబోయబుద్ధి కాలె.
ఖాళీ ఫిలిం డబ్బీల పోసి
పేరు రాసిన, సర్వే నంబరు రాసిన.

కాలుకు గ్రీజు పెట్టి బిగించిన.
ఇంకా కొంచెం గరగరమంటది.
అననీ.