ముల్లు

ఖైరవాన్‌లో పన్నెండేళ్లు చదివి
యఖ్లఫ్ బిన్ తమ్సూర్ తిరిగొచ్చినప్పుడు
రెండు ఒంటెల మీద పుస్తకాలు,
ఒక కంట్లో పొర.
నాన్నమ్మ చెప్పేది ఇంతే, అదీ ఖర్జూరాల్లోంచి గింజలు తీస్తూ.

గదామెస్ దారిలో మా ఒయాసిస్సు. ఒకటే ఊట.
నీళ్లు పంచేది అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నె.
తొట్టిలో వదిలితే మెల్లగా మునుగుతుంది.
మునిగిందా, ఒక వంతు అయిపోయినట్టు.
లెక్కలవాడు ఖర్జూరపాకుకు ముడి వేసి
మళ్లీ గిన్నెను తేలుస్తాడు.
పగటికొకటి, రాత్రికొకటి.
పగలు పెద్దింటివాళ్ల తోటలకు,
రాత్రి వితంతువులకూ, విడుదలైన బానిసలకూ.

ఆయన్ని అడగాలని ఊరు చాలానే దాచుకుంది:
స్వర్గానికి తలుపులెన్ని,
నెలవంక మబ్బులో ఉంటే పండగ ఎప్పుడు,
అరువు తెచ్చిన ఒంటె ఈనితే పిల్ల ఎవరిది.
ఆయన తొట్టి పక్కన గొంతుక్కూర్చుని
ఒక పగలూ ఒక రాత్రీ
తన నాడి తానే పట్టుకుని లెక్కపెట్టాడు.

పగటి గిన్నె మునగడానికి రెండు వందల నలభై.
రాత్రిది నూట తొంభైకే మునిగింది.
రాత్రి గిన్నెను ఓ ముసలావిడ రోజూ బూడిదతో తోమేది.
పగటి చిల్లిలో ఉప్పు పేరుకుంది, ముప్పై ఏళ్లుగా.
ఎవరూ పెట్టింది కాదు.
ఎవరూ తీసిందీ కాదు.

ఫత్వా ఇవ్వలేదు.
తుమ్మ ముల్లొకటి విరిచి
చిల్లిని గీకాడు.

ఆ ఏడు మొదట ఎండింది ఆయన అన్న తోటే.
అన్న చచ్చేదాకా మాట్లాడలేదు.
ఆయన జనాజాకు పగటివాళ్లు
ఏడుగురే వచ్చారంటారు.
నాన్నమ్మ మాత్రం అయిదుగురే అనేది.

మరి ఆ పుస్తకాలో?
చెదలు. వారసుల వాటాల మీద రాసిన గ్రంథం
మొత్తంగా చెదల వాటాకే పోయింది.
మిగిలింది ఒక పుట, అందులోనూ ఓ మూల మేక కొరికింది.
అంచున సన్నటి అక్షరాల్లో:
"ప్రతి శుక్రవారం, నమాజుకు ముందు, రెండు గిన్నెలూ."
ఏం చేయాలో రాయలేదు.
అప్పటికి అందరికీ తెలుసు.

ఇప్పుడు డీజిల్ పంపు, దానికో మీటరు.
తాళంచెవి నా దగ్గరుంటుంది, జీతం మూడు నెలలుగా లేదు.
శుక్రవారం పొద్దున్నే మీటరు మూత విప్పి
లోపలి జల్లెడకు పట్టిన సున్నం గీకుతాను.
కంపెనీ ఇచ్చిన బ్రష్ పెట్టెలో కొత్తగానే ఉంది.
ముల్లయితే సందుల్లోకి పోతుంది.

చెప్పడం మరిచాను,
మేం ఆ అన్న సంతతి.