ముల్లెంత?

నెల్లిమర్ల జూట్ మిల్లులో
బేళ్ల ప్రెస్సు దగ్గర పంతొమ్మిదేళ్లు
మా ఇద్దరికీ పలకరింపు ఒకటే.
షిఫ్టు మారేటప్పుడు అప్పలసూరి అడిగేవాడు:
"ముల్లెంత?"
నేను అంకె చెప్పేవాణ్ని.
బాగున్నావా, తిన్నావా, అన్నీ అందులోనే.

ఆ మంగళవారం గొలుసు తెగింది.
బేలు వాడి వీపు మీద పడింది.
దాని మీద నేను కొట్టిన నంబరు రంగు ఇంకా ఆరలేదు,
వాడి చొక్కా మీద తిరగేసి అచ్చయింది.

ఇప్పుడు విజయనగరంలో, ఆసుపత్రి రెండో అంతస్తులో
వాడు పక్కకి ఒరిగి ఉన్నాడు.
వీపున కుట్ల మధ్యనుంచి
పురికొస పోగంత సన్నటి తీగ ఒకటి బయటికొచ్చి
మానిటర్లోకి పోతోంది.
"దీని కొస ఎక్కడుందమ్మా?"
"వెన్నుపాము పక్కన," అంది నర్సు కుసుమలత.
"సరిగ్గా దెబ్బ తగిలిన చోట."

వెన్నుపాము.
ఇన్నేళ్లూ ఆ మాటలో పాముందని నాకు తట్టలేదు.

డాక్టర్ తనూజ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
పాము వాచింది.
చుట్టూ ఉన్న ఎముక బుట్టకి మూత తీసేశాం.
లోపల ఇంకో పొరుంది, కుబుసం లాంటిది,
అది బిగుసుకుపోయి నొక్కేస్తోంది.
నెత్తురు తోసే బలంలోంచి ఈ వాపు బలం తీసెయ్యి,
మిగిలిందే ఆ పాముకి తిండి.

తీసివేతలు నాకొచ్చు.
ఎనభై రెండులోంచి ముప్పై నాలుగు పోతే నలభై ఎనిమిది.
"చాలదు," అంది ఆవిడ.

మిల్లులో ముల్లు ఎర్రగీత దాటితే
వాల్వు తిప్పేవాళ్లం, అంతే.
ఇక్కడ ఒక ముల్లు ఎక్కాలి, ఒక ముల్లు దిగాలి,
రెండూ ఒకే మనిషిలో.
బొట్టు బొట్టుగా మందెక్కించి బీపీని పైకి తోస్తారు.
వెల్లకిలా తిప్పితే లోపలి అంకె లేస్తుంది,
పక్కకి తిప్పితే దిగుతుంది.
తిప్పడానికి నలుగురం, మెడా నడుమూ ఒక్కసారే, దుంగని దొర్లించినట్టు.
"హైలెస్సా" అనబోయి నాలిక కరుచుకున్నాను.

రెండో రాత్రి మళ్లీ థియేటర్‌కి తీసుకుపోయారు.
కుబుసాన్ని నిలువునా కోశారు.
పాముకి కాస్త చోటిచ్చి, పైన మాసిక వేసి కుట్టారు.
వరండాలో వాడి పెళ్లాం బంగారమ్మ
"మాసికేటి బావా, మనిసికి మాసికేటి?" అంది.
మనం సంచులకి వెయ్యమా, అన్నాను.
ఎందుకన్నానో.
అప్పటిదాకా ఆవిడ ఏడవలేదు.

తెల్లారి లోపలి అంకె పంతొమ్మిది.
బీపీలోంచి తీసేస్తే అరవై తొమ్మిది.
వేళ్ల మీద మళ్లీ లెక్కేశాను. అరవై తొమ్మిదే.

డాక్టర్ రోజూ సూదితో పైనుంచి పొడుచుకుంటూ వస్తుంది.
తెలుస్తోందా? తెలుస్తోందా?
జవాబు ఆగినచోట పెన్నుతో గీత.
మొదటిది రొమ్ముల కింద.
అయిదో రోజుది దానికి రెండు వేళ్లు దిగువన.
రెండు వేళ్లే.
చంపావతిలో వరద తీస్తుంటే
గట్టు మట్టి మీద మిగిలే చారల్లా ఉన్నాయి.

నడుస్తాడా అని బంగారమ్మ అడగలేదు.
నాకూ నోరు రాలేదు.
డాక్టరే, చేతులు కడుక్కుంటూ, తనంతట తాను అంది:
"ఈ తీగ నడిపించదు.
దారి ఏమైనా మిగిలుంటే, అది మూసుకుపోకుండా చూస్తుంది."

రాత్రి మూడింటికి వాడు కళ్లు తెరిచాడు.
దూదితో పెదాలు తడిపాను.
"ముల్లెంత?"
రెండు ముళ్లున్నాయిరా, ఏది చెప్పను?
"పదిహేడు," అన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"పదిహేడుకి బేలు కట్టదురా," అన్నాడు.