పెన్సిలు మనిషి

ఇక్కడ ఆకులు ఎర్రబడవు.
ఆశ్వయుజం వెళ్ళిపోతోందని బెంగళూరులో
ఆకాశమల్లె చెబుతుంది,
రాత్రంతా రాలి రాలి
పొద్దున్నకి స్కూటర్ సీటు మీద తెల్లగా పరుచుకుని.
తర్వాత తుంపర.
ఆ తర్వాత అటక దిగిన స్వెట్టర్ల
కలరా ఉండల వాసన.

హనుమంతనగర్‌లో టైలరు కొట్టు పైమేడ,
వెంకోబరావుగారి అద్దె పుస్తకాల గది.
మూడు బీరువాల కన్నడం, ఒక బీరువా తమిళం,
కిటికీ కింద, జల్లు కొట్టే చోట,
ఒకటిన్నర అర తెలుగు.
"పిల్లలకి దయ్యాల కథలేమైనా ఉన్నాయాండీ,
మరీ భయపెట్టనివి?"
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"స్వల్ప భయ ఇర్బేకల్లవా" అంటూ
అట్ట ఊడినదొకటి చేతిలో పెట్టారు.
వారానికి పన్నెండు రూపాయలు.

మా మేదినికి తొమ్మిదేళ్ళు.
దానికి భయం లేదు, అదే చెప్పింది.
నాకు నలభై నాలుగు.
నన్నెవరూ అడగలేదు.

ఒకే దుప్పట్లో ఇద్దరం,
మధ్యలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల గిన్నె.
కథలో పాడుబడ్డ బంగళా. మెట్ల మీద ఎవరో.
ఒక మెట్టు.
ఆగింది.
ఇంకో మెట్టు.
మేదిని పాదాలు ఐసుముక్కల్లా
నా పిక్కల కిందకి దూరిపోయాయి.
పేజీ తిప్పబోతే అంచున
పెన్సిలుతో, సన్నగా, గుండ్రంగా:
"పిల్లే. భయపడకు."

తిప్పాం. పిల్లే.

"ఎవరు రాశారు?"
"మనకన్నా ముందు చదివినవాళ్ళెవరో."
"మంచోళ్ళే," అంది, కాయ ఒలుస్తూ.

పదిహేడో పేజీలో:
"ఇక్కడ నేను కాసేపు పుస్తకం మూసేశాను.
కావాలంటే నువ్వూ మూసేయి."
మూశాం. నీళ్ళు తాగాం. తెరిచాం.
ఇరవై ఆరులో:
"ఈ ముసలమ్మ మంచిదే.
పళ్ళు లేకపోతే ఎవరి నవ్వైనా అంతే."
నలభై ఒకటిలో:
"ఇప్పుడు కరెంటు పోతుంది."

పోయింది.

చూడండి, ఈ ఊళ్ళో
నాలుగు చినుకులకి కరెంటు పోతుందని చెప్పడానికి
జాతకాలు తెలియక్కర్లేదు.
మేదినితో అదే అన్నాను.
అన్న గొంతు మాత్రం పక్కగదిలోంచి వచ్చినట్టుంది.
ఫోను వెలుగులో కింది లైను:
"అగ్గిపెట్టె పొయ్యి వెనకాల ఉంటుంది."
ఉంది.
అందరిళ్ళలోనూ అక్కడే ఉంటుంది కదా.
ఉంటుంది కదా?

కొవ్వొత్తి వెలిగాక గోడ మీద మా ఇద్దరికీ కలిపి
ఒకటే నీడ, రెండు తలలతో.
ఎదురు డాబా మీద ఎవరో మర్చిపోయిన గులాబీరంగు చీర
తడుస్తూ చెయ్యూపింది.
కింద పానీపూరీ బండతను
టార్పాలిన్ మీది నీళ్ళు దభాలున దులిపాడు.
పక్కింటి కుక్కర్ మూడోసారి కూసింది.
ఇంత సందడిలో
ఏ దయ్యం మాత్రం గొంతు విప్పగలదు?

బంగళాలో ఆఖరి గది.
తలుపు.
గొళ్ళెం తనంత తానే కదిలి
తర్వాతి పేజీ లేదు.
చిరిగిన అంచు పక్కన, జాగ్రత్తగా:
"చివరి పేజీ నేనే చింపాను. బాలేదు.
దయ్యం వాళ్ళింటికి వెళ్ళిపోయింది.
నువ్వూ పడుకో."

మేదిని చాలాసేపు ఆలోచించింది.
"ఇల్లుందంటే వాళ్ళమ్మ కూడా ఉంటుంది.
ఇంత వానలో ఎక్కడ తిరిగొచ్చావని
తల తుడుస్తూ తిడుతుంది."
అని, నోరు తెరుచుకుని నిద్రపోయింది.
నేను మాత్రం
కరెంటొచ్చి ఫ్రిజ్ ఒళ్ళు విరుచుకునేదాకా
మేలుకునే ఉన్నాను. దోమలు, అంతే.

శనివారం పుస్తకం తిరిగిచ్చేటప్పుడు
ఆ రాతలు ఎవరివని అడిగాను.
వెంకోబరావుగారు తిప్పి తిప్పి చూసి
తనకి తెలుగు చదవడం రాదన్నారు.
రాసినందుకు మాత్రం రెండు రూపాయలు పట్టుకున్నారు.
"మేం రాయలేదండీ," అన్నాను.
మేదిని నా కొంగు లాగింది.

మెట్లు దిగుతుంటే, ఆకాశమల్లెలు తొక్కకుండా
ఒక్కో మెట్టూ చూసి దిగుతూ, ఒప్పుకుంది.
అరవై రెండో పేజీలో, అడుగున:
"పొట్టు మాది. దయ్యానిది కాదు.
ఎర్రమరక కూడా రక్తం కాదు, కారప్పొడి.
అగ్గిపెట్టె నిజంగానే అక్కడుంది."