మా పేరు పెట్టుకున్న పిల్లి

కబ్బన్‌పేట సందులో మగ్గం అమ్మేసిన నెలకి
నాయనకి రాత్రి కాపలా పని దొరికింది,
మల్లేశ్వరం అవతల ఒక చదువుల తోటలో.
ఒక ఈల, ఒక లాఠీ,
రెండు సైజులు పెద్దదైన ఖాకీ చొక్కా.

నలభై ఏళ్ళు ఆయన లేని జంతువుల్నే నేశాడు.
అంచు పొడుగునా గండభేరుండం,
కొంగు మీద ఏనుగు తొండమున్న సింహం,
పాలూ నీళ్ళూ విడదీసే హంస.
చిల్లుల అట్టలు టకటకమని దొర్లుతుంటే
చెప్పిన చోటల్లా జరీ రెక్క విప్పుకునేది.
"ఇవి యాడుంటాయి నాయనా?" అని చిన్నప్పుడడిగితే
"పెండ్లికూతురి భుజం మీద" అనేవాడు,
తెగిన పోగు పళ్ళ మధ్య పట్టుకునే.

మూడో రాత్రి ఫోన్ చేశాడు. రెండున్నర.
గొంతు బాగా తగ్గించి:
"చెట్లో రెండు నిప్పులుండాయి మే.
నన్నే చూస్తా ఉండాయి.
దానికి చేతులుండాయి. మన చేతులే, గోళ్ళతో సహా.
తోక లేదు.
కొమ్మని ఎట్ల పట్టుకుందంటే,
పురిటిబిడ్డ మన వేలు పట్టుకుంటాది చూడు, అట్ల."

దయ్యమనుకుని చౌడమ్మకి మొక్కుకున్నాడట.
మొక్కు సగంలో ఉండగానే
నిప్పుల కింద చిన్న నోరు తెరుచుకుని
ఒక చిమ్మట రెక్కలతో సహా లోపలికి పోయిందట.
"నములుతా ఉండాది మే! దయ్యాలు నమలవు గదా."

ఎర్ర కాగితం చుట్టిన టార్చితో
చెట్టుచెట్టుకీ లెక్క రాసుకునే పిల్ల, ఇంచర,
కాడుపాప అంది. అడవి పాప.
తెలుగులో ఏమంటారో నాకు తెలుసు,
ఆయనకి చెప్పబోతే నవ్వొచ్చింది.
దేవాంగపిల్లి.

నాయన నవ్వలేదు.
"మనోళ్ళేనన్నమాట" అన్నాడు.

ఆ కళ్ళు పీకి మందు నూరితే
వలచిన మనిషి వశమవుతుందని
నమ్మిన కాలం ఒకటుందని కూడా ఇంచర చెప్పిందట.
ఆ రోజు క్యారియర్ అట్లాగే తిరిగొచ్చింది.
పులుసన్నం మీద మూత కూడా తియ్యలేదు.

దేవతల ఒళ్ళు కప్పడానికి
విష్ణువు బొడ్డు తామర తూడులోంచి
పోగులు మోసుకొచ్చాడట మా దేవలుడు.
దారంతా రాక్షసులట, యుద్ధమట.
అంత పెద్ద కథలో ఈ చారెడు ప్రాణి ఎక్కడా లేదు.
ఏ అంచు మీదా దీన్నెవరూ నెయ్యలేదు.
బక్కగా ఉందనేమో.
నిజంగా ఉందనేమో.

తర్వాత రోడ్డు వెడల్పు పని మొదలైంది.
రెండు చెట్లు పోయాయి. మధ్యలో ఆకాశం పడింది.
అది కొమ్మ చివరిదాకా వచ్చి
ఖాళీలోకి ఒక చెయ్యి చాపి
కాసేపట్లాగే ఉంచి
వెనక్కి తీసుకునేదట.
నాలుగు రాత్రులు అదే చెయ్యి, అదే ఖాళీ.

అయిదో రోజు అటక మీది పెట్టె దించాడు.
మగ్గం పోయినా తాళ్ళు అమ్మలేదాయన.
మూడు పేటలు కలిపి పేని,
తెగిన చోట్ల నేతగాడి ముడి వేసి,
పడుగు అతికేటప్పటిలాగే
బొటనవేలితో ఒకసారి మీటి చూశాడు.
ఇంచర నిచ్చెన తెచ్చింది.
సూపర్‌వైజర్ మాత్రం అరిచాడు, ఎవర్నడిగి కట్టావని.
"తెగితే అతకడానికి ఎవర్నడగాలి సార్?"
ఆ మాటకి ఒక రోజు జీతం పోయింది.

మొదట ఉడుత నడిచింది. తర్వాత ఒక కాకి కూర్చుని
తాడుని ముక్కుతో పొడిచి చూసింది.
పదకొండు రాత్రులు ఇంకేమీ లేదు.
వానకి తాడు నల్లబడింది.
నేనడగడం మానేశాను.

పన్నెండో రాత్రి ఫోన్ మోగింది.
అవతల మాట లేదు. కీచురాళ్ళు,
దూరంగా ఏదో లారీ గేరు మార్చిన చప్పుడు,
నాయన ఊపిరి.
"ఏమైంది? ఒంట్లో బాగుందా?"

"మాట్లాడొద్దు మే.
నడిమధ్యలో ఉండాది."