తొడిమ దగ్గర

కోటిపల్లి రేవులో పంటు దిగి
పల్లాలమ్మ గంప దించింది.
లంక మిరపకాయలు, ఇంకా మంచు తడి ఆరలేదు.
"కారం ఉంటాయా?" అన్నాను.
ఆవిడ నా వంక కాదు, కాయల వంక చూసి నవ్వింది.

ఒకటి తీసి, తొడిమ విరిచి
నా ముక్కు కింద పెట్టింది.
పచ్చి వాసన. దాని వెనకాల సన్నగా ఏదో గుచ్చుకుంది.

"నిగనిగలాడేవి నమ్మకండి. ఏటి వార మడిలోవి,
కడుపునిండా నీళ్ళే.
ఇదుగో, ఈ గీతలు పడ్డదీ, వంకరదీ,
మోటారు కాలిపోయి పద్దెనిమిది రోజులు
దాహంతో నిలబడ్డ చెట్టుదండి, ఆయ్.
ఎక్కడికి పోద్ది ఆ కోపం?"

ఇంటికొచ్చి, నాలుగు వేసే పప్పులో
రెండే తుంచాను.
అయినా మర్చిపోయి కన్ను నులుముకున్నాను.
ఆ పూట వంటంతా
ఒంటికంటితోనే,
పల్లాలమ్మని తిడుతూ, లొట్టలేస్తూ.