కొండగురుతు

అడవిలో తిరిగేవోలు కూడా వేటే అంటారంట.
మాదీ వేటే.
వాలకి అడుగుజాడ ఉంటాది, తొక్కిన గడ్డి ఉంటాది,
ఇరిగిన కొమ్మ సూసి ఇటెల్లినారు అని సెప్పొచ్చు.
నీటి మీద ఏటుంటాది?

నిషేదం ఎత్తీసిన మూడోనాడు
తెల్లారకముందే నలుగురెల్లినారు:
మైలపల్లి మసేను, నా ఇంటోడు.
ఎల్లాజీ, నా కూతురి మొగుడు.
తెడ్డు పరసయ్య.
పది తప్పిన గరికినోలి సిన్నోడు,
వాడి పేరు దుర్గేసు, పేటలో ఎవలం అలా పిలవం.
నలభై లీటర్ల డీజిలు, రెండు ఐసు దిమ్మలు,
సద్దిబువ్వ, ఎండు నెత్తల్లు,
మూట మీద నేనేసిన ముడి.

రెండోనాటికి గాలి తిరిగింది.
మూడోనాడు ఫోను, అందుబాటులో లేరు అంది.
ఎంత మరియాదగా సెప్తాదో ఆ ఆడమనిసి,
తెలుగులో ఒకసారి, ఇంగిలీసులో ఒకసారి,
మల్లీ తెలుగులో.
నాలుగోనాడు నేవీ హెలికాప్టరు ఎల్లింది.
సాయంత్రానికి ఒచ్చీసింది.

పేపరు గుంటడొచ్చి రాసుకున్నాడు,
వేటకెల్లినోలని సంద్రమే వేటాడిందని.
ఏం తెలుసని రాస్తావు బావూ?
సంద్రానికి వల నేదు, గేలం నేదు,
ఇంటికాడ ఆకలన్న పిల్లల్నేరు.
అదెందుకు వేటాడతాది?

ఆఫీసులో అయ్య అడిగినాడు,
శవం దొరికిందా అమ్మా అని.
దొరకనేదు అన్నాను, తప్పు సేసినట్టు.
అయితే ఏడేల్లు ఆగాల అన్నాడు.
ఏడేల్లకి సిన్నోడికి ఇరవైమూడు,
పిల్లని సూడాల.
ఆ కాయితంలో ఒక గడి ఉంది: కనిపించుట లేదు.
ఎవలికో రాసి నేదు.

తొమ్మిదోనాడు ఆడోలం పడవెక్కినాం.
గంప నెత్తినెట్టుకుని పూర్ణామార్కెట్టు దాకా తెలుసు,
మోకాలి లోతు దాటిన నీరు తెలీదు మాకు.
పసుపూ కుంకం పట్టుకెల్లమన్నారు ముసలోలు.
నేను పట్టుకెల్లనేదు.
సాగనంపడానికా ఏటి?
సూడ్డానికెల్లాను.

మసేను తాగినప్పుడల్లా గురుతు సెప్పేవోడు.
యారాడ కొండ ముక్కు ఎడంసేతికి రావాల,
కైలాసగిరి ఎనకాల సింహాచలం కొండ
దొంగలాగ ఒంగి నక్కాల,
ఆడ నీటికింద బండ, బండ మీద కోనాలు.
"ఆడ్నించి సూత్తే మనిల్లు అగుపడతాదే.
నీలం పట్టా, దానికింద నువ్వు.
పల్లు తోముకుంటన్నా తెలుత్తాది."

కొండెనక కొండ దూరినకాడ
పోలారావు ఇంజను ఆపినాడు.
అంత సద్దు నేకండా ఉంటాదని నాకెవలూ సెప్పనేదు.
నా కూతురు నీట్లో సెయ్యి పెట్టి తీసింది,
సీరకి తుడుసుకోనేదు.
పరసయ్య పెల్లాం ఒక్కసారి పేరెట్టి పిలిసింది.
మొగుణ్ని పేరెట్టి పిలవడం అదే మొదలు దానికి.

నేను ఒడ్డుకేసి తిరిగినాను.

అద్దాల హోటల్లు. తెల్ల మేడలు.
వాటి సందున సీర అంచంత మట్టిరంగు,
అదే మా పేట అన్నాడు పోలారావు.
నీటి టాంకీ కానరాదు.
వలలారేసిన గోడ కానరాదు.
నీలం పట్టా అసలే కానరాదు.
కల్లు సికిలించి సూసినాను,
సెయ్యి అడ్డెట్టి సూసినాను,
పడవ ఊగుతుంటే నిలబడి సూసినాను.

ఇరవైరెండేల్లు.
పొద్దున్నే బయటికొచ్చి,
సూస్తన్నాడు గదా అని
జుట్టు సరిజేసుకుని పల్లు తోమాను.

ఎంత అబద్దం ఆడినాడు!
రానీ.
ఇంటికొచ్చీదాకా కూడా ఆగను,
ఒడ్డు మీదే అడుగుతాను.