అంచు దాటిన దెబ్బ

కృష్ణపట్నానికి దక్షిణంగా, రొయ్యల గుంటలు ఎండగట్టిన నెల.
జేసీబీ తిరగేసిన బురద నెర్రెలిచ్చి ఉండాది.
రేడియో మెకానిక్కుని నేను. రేడియోలు పోయాక
ఏరియేటర్ మోటార్లకు కాయిల్ చుడతన్నా.
మిగిలిన తీగని చక్రంగా చుట్టి, వెదురుకి కట్టి
మన్నుకి చెవి ఆనించా.

కుయ్యిమంటే గోల్డ్‌స్పాట్ మూత.
కుయ్యిమంటే బోల్టు, గాలం, ఎవరి పట్టీదో మువ్వ.
గట్టు మీంచి మాలకొండయ్య:
"ఏందన్నా, లంకెబిందెలు పలికినాయా?"

పలికింది ఒకటి, సన్నంగా, దగ్గు ఆపుకున్నట్టు.
జానెడు లోతున, గవ్వల పొర కింద
చింతగింజ కన్నా కాస్త పెద్ద బిళ్ళ, పచ్చగా చిలుమెక్కి.
గుండ్రం కాదు,
పిల్లోడు కొరికి వదిలేసిన అప్పచ్చి.

చింతపండేసి తోమబోతే
ఖైరున్నీసా టీచర్ కసిరింది:
"తోమితే రాగి మిగులుద్ది, రాత పోద్ది."
మూడు సాయంత్రాలు, వెదురుపుల్ల, నీటి తడి.
లైటార్పి, టార్చి బల్లకి బారుగా పెట్టి
బిళ్ళని నిదానంగా తిప్పింది.
తోక లేచింది. సింహానిదే.
మిగతా సింహం లేదు.
బొరుసు వైపు ఒకే అక్షరం, గ.
పక్కన ఉన్నది సున్నానో, తుప్పు తిన్న గుంటో.
"గండ అనుకుందాం" అని నవ్వింది,
"గండ అని బిరుదు లేని మొగోడెవడు ఈ సీమలో!
తలకట్టు చూస్తే ఏడెనిమిది వందల ఏళ్ళు.
అంతకు మించి అడక్కయ్యా."

అచ్చు పెద్దది, రాగి చిన్నది.
ఆ పూట సుత్తి పక్కకి దిగింది,
రాజు పేరు బిళ్ళ దాటి బయట పడిపోయింది.
ఎండ దెబ్బో, కూలి అందలేదో,
పక్కనోడు ఏదో అన్నాడో.
ఎవరి చెయ్యో ఏ శాసనంలోనూ ఉండదు.
దెబ్బ మాత్రం ఉండాది.
నా బొటనవేలు ఆ పల్లంలో సరిగ్గా కూర్చుంటది.

చెల్లిందా అంటే, చెల్లే ఉంటది, అంచు అరిగింది గదా.
ఉప్పు కొన్నారో,
ఓడ దిగినోడికి ముంతెడు కల్లు పోశారో.

ముత్తుకూరు తాసిల్దారాఫీసులో అప్పజెప్పా.
గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి రాశాడు:
"రాగి ముక్క, ఒకటి. విలువ తెలియదు."
రబ్బరు ముద్రని నోటితో ఊది
ఠప్పున కొట్టాడు.
సగం రసీదు మీద పడింది.
సగం బల్ల మీద.